ప్రాపర్ ఛానల్లో గుర్రపుడెక్క

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చి చెప్పింది. డెబ్బై దాటాయి. ముక్కూ అక్కడే ఉంది, కోపమూ అక్కడే ఉంది. దాన్ని గురించి గొప్పగా చెప్పుకున్న రోజులున్నాయి. ఇప్పుడు చెప్పుకోను.

యుద్ధం రోజుల్లో నేను బెజవాడలో ఒక కాలేజీలో బాటనీ డిమాన్‌స్ట్రేటర్ని. డిమాన్‌స్ట్రేటర్ అంటే పాఠం చెప్పేవాడు కాదు. లెక్చరరుగారు క్లాసులో చెప్పిన మొక్కను ఎక్కడి నుంచో సంపాదించి, ల్యాబులో బల్ల మీద పెట్టి, బ్లేడుతో ఉల్లిపొరంత పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద పిల్లలకు చూపించేవాడు. మొక్క దొరక్కపోతే మాట పడేవాడు. దొరికిన మొక్క కుళ్లిపోతే పారబోసి పళ్లెం కడిగేవాడు. ఆనర్సు ప్యాసై వచ్చినవాణ్ణి పళ్లేలు కడగడమేమిటని మొదటి ఏడాది ఒళ్లు మండేది. ఏడో ఏడు వచ్చేసరికి ఆ మండడం కూడా అలవాటైపోయింది.

మా డిపార్టుమెంటంతా కలిపి ఒకే గది. వరండా చివర, పడమటెండ మొహాన కొట్టేచోట. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే ప్రహరీగోడ. చెయ్యి బయటపెడితే గోడ సున్నం చేతికంటేది. ఫార్మలిన్ వాసన బట్టలకు పట్టి, చాకలి ఉతికినా పోయేది కాదు. ఆ గదిలో ఎదురెదురుగా రెండు బల్లలు. ఒకటి నాది, రెండోది మా హెడ్డుగారిది. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాకా తలెత్తితే ఆయన, తలదించితే నాచు.

నాచు మాత్రం నేను కోరి తెచ్చుకున్నదే. మాది బందరు కాలువ పక్కన నేత ఊరు. మా నాన్న గుంట మగ్గం మీద కూర్చుంటే తొడల దాకా గుంటలోనే ఉండేవాడు. తెల్లారి దిగితే దీపాలవేళకి పైకి వచ్చేవాడు. నా కొడుకు ఈ గుంటలోకి దిగడానికి వీల్లేదని పట్టుబట్టి చదివించాడు. ఆయన మాట నిలబెట్టాను. గుంటలో దిగలేదు, కాలువలో దిగాను. పంచె ఎగ్గట్టి మొలలోతు నీళ్లలో నిలబడి, జలగలను పీక్కుంటూ, ఏ లాకు దగ్గర ఏ మొక్క ఉంది, ఏ నెలలో పూస్తోంది, కాలువ నీరు మందగిస్తే ఏది దేన్ని తినేస్తోంది, ఇదే నా పని. గుర్రపుడెక్క అప్పటికే చెరువుల్లోంచి కాలువల్లోకి వచ్చిపడింది. ఊదా పూలు చూసి జనం ఎంత అందంగా ఉందో అనేవాళ్లు. నేను దాని వేళ్లు చూసి బెంగపడేవాణ్ణి.

పిల్లలు నాకు పాచి మాస్టారని పేరు పెట్టారు. నీళ్ల మీద పేరుకునేదీ పాచే, తెల్లారగానే ఇళ్లలో పనిమనిషి చేసేదీ పాచిపనే. ఏ అర్థంలో పెట్టారో నేను అడగలేదు. రెండూ నాకు అతికినట్టు సరిపోయాయి, అందుకే మరీ మండేది.

మా హెడ్డుగారు మంచివారో కాదో ఏడేళ్లకీ నాకు అంతుపట్టలేదు. మనిషి మాట్లాడితే కదా తెలిసేది! నల్లకోటు, తలపాగా, పొడుం డబ్బీ. ఏదడిగినా ఒకటే జవాబు, "చూద్దాం లెండి." గది రంగు వేయించాలండీ అంటే చూద్దాం లెండి. పళ్లెం చిల్లిపడిందండీ అంటే చూద్దాం లెండి. తను చెప్పాల్సింది ఏదైనా ఉంటే అదీ నోటితో చెప్పేవారు కాదు. చీటీ రాసి, దాన్ని పాత పేపరులో మడిచి, నేను లేనప్పుడు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవారు. టైంటేబులు మారినా అంతే, ఇన్‌స్పెక్షను వస్తున్నా అంతే. ఒక శ్రీరామనవమి మర్నాడు వడపప్పు పొట్లం కూడా అలాగే పేపరు మడతలో నా బల్ల మీద కనిపించింది. తినాలో, లేబిలు వేయాలో కాసేపు తెలియలేదు.

ఇక్కడ మొక్కలను ఎలా ఆరబెడతామో కొంచెం చెప్పాలి. నేల మీద మొక్కయితే కాగితం మీద పరిచి నొక్కితే చాలు. నీటి మొక్క అలా కాదు. బయటికి తీయగానే తడిసిన జుట్టులా ముద్దయిపోతుంది. అందుకని పళ్లెంలో నీళ్లు పోసి, మొక్కను తేలేసి, అడుగు నుంచి మందపాటి కాగితం దూర్చి, ఊపిరి బిగబట్టి మెల్లగా ఎత్తాలి. మొక్క ఎలా తేలిందో అలాగే కాగితానికి అంటుకుంటుంది. ఆ కాగితాల మధ్య తడి పీల్చడానికి పాత పేపర్ల మడతలు పెట్టి, అటూ ఇటూ చెక్కపలకలు వేసి, తాడుతో బిగించి కట్టాలి. మడతలు మందంగా ఉంటే చాలు, వాటిలో ఏం రాసుందో ఎవడూ విప్పి చూడడు. యుద్ధం వచ్చాక ఆ పాత పేపర్లకే కరువొచ్చింది. పుస్తకమంత మందాన వచ్చే పత్రిక రెండు రేకులకు దిగిపోయింది. అటెండరు ఎక్కడెక్కడో అడిగి తెచ్చి నా బల్ల మీద పడేస్తే అదే పదివేలనుకునేవాణ్ణి.

తాడు కట్టడం మాత్రం ఇంకొకరికి ఇచ్చేవాణ్ణి కాను. నేతపనిలో మా నాన్న నాకు నేర్పింది ఒక్కటే, తెగిన పోగులను కలిపే ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది. కిటుకు తెలిసినవాడికి ఒక్క వేలితో ఊడుతుంది, తెలియనివాడు పళ్లతో పీకినా రాదు. కాలేజీ మొత్తం మీద ఆ ముడి నాకొక్కడికే వచ్చు. పిల్లలు పీకి పీకి, చివరికి "మాస్టారూ, మీ ముడి" అంటూ నా దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఏడు వేసవి ముందు, మద్రాసు పత్రికలో ఒక మూల చిన్న ప్రకటన చూశాను. దక్షిణాదిలో ఒక కాలేజీకి నీటి మొక్కల మీద, చిత్తడి నేలల మొక్కల మీద పాఠం చెప్పి పరిశోధన చేసే లెక్చరరు కావాలట. మూడుసార్లు చదివాను. నాకోసమే వేసినట్టుంది. అలాంటి ఉద్యోగం ఒకటి ఉంటుందని కూడా నాకప్పటిదాకా తెలియదు. నా ఏడేళ్ల నోటుపుస్తకాలు, జలగలు కరిచిన నా కాళ్లు, అన్నిటికీ ఒక్కసారిగా అర్థం వచ్చింది. ఆ గోడ కిటికీ నుంచి, ఆ ఎదురు బల్ల నుంచి బయటపడే దారి అదొక్కటే. కింద చిన్నక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఇదివరకే ఉద్యోగంలో ఉన్నవారు త్రూ ప్రాపర్ ఛానల్ మాత్రమే దరఖాస్తు పంపాలి, నేరుగా వచ్చినవి చూడబడవు.

ఆ వారమే మా నాన్న నూలు కోసం బెజవాడ వచ్చాడు. కంట్రోలు నూలుకి రెండు రోజులు వరసలో నిలబడి, నేను అద్దెకుండే గదిలో పడుకున్నాడు. ప్రకటన చదివి వినిపించాను.

"ఛానలంటే కాలవే కదరా? లాకుల కాడ దొరలు అట్టాగే అంటారు. ఏ కాలవంట? మన బందరు కాలవేనా?" అన్నాడు.

"కాలవే నాన్నా. కాకపోతే కాగితాలు పోయే కాలవ. నా కాగితం ముందు మా హెడ్డుగారి దగ్గరికి పోవాలి. ఆయన సంతకం పెట్టి ప్రిన్సిపాల్ గారికి పంపాలి. ఆయన పెట్టి మద్రాసు పంపాలి."

"అట్టాగా. మరి ఎండాకాలం వస్తంది, కట్టేస్తారేమో చూసుకో" అని నవ్వాడు. ఏటా వేసవిలో ఆనకట్ట దగ్గర కాలువలు కట్టేస్తారు కదా, ఆ మాట. నేనూ పగలబడి నవ్వాను. ఆయన పొద్దున్నే నూలు మూట నెత్తిన పెట్టుకుని పడవ ఎక్కాడు. ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "ఆ ఉద్యోగం రావాలిరా. నిన్ను జూస్తే నాకు ఊపిరాడ్డం లేదు" అన్నాడు. కాలేజీలో నా గది కూడా చూశాడు మరి.

దరఖాస్తు టైపు కొట్టించి హెడ్డుగారి చేతికిచ్చాను. కళ్లజోడు పైకి తోసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. "చూద్దాం లెండి" అని సొరుగులో పెట్టారు.

వారం గడిచింది. అడిగాను. చూద్దాం లెండి. రెండో వారం అడిగాను. నీళ్లు నమిలారు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి నేనే నేరుగా పోదామంటే, అది ఇంప్రాపర్ ఛానల్ అవుతుంది. ఉన్నదీ పోతుంది. తలెత్తితే ఆయన సొరుగు కనిపించేది. అందులో నా బతుకంతా మడిచి పెట్టి ఉంది, తాళం ఆయన జందానికి వేలాడుతోంది. కోస్తున్న మొక్క వదిలేసి వేలు కోసుకున్న రోజులున్నాయి. రాత్రి పడుకున్నా కాలేజీ గది గోడలే దగ్గరికొచ్చినట్టుండేది. కిటికీ ముందర గోడ, గోడ వెనక ఏముందో ఏడేళ్లుగా నేను చూడలేదు. బయటికి పోయి చూడొచ్చని కూడా తోచేది కాదు.

ఇంతలో మా నాన్న అన్నట్టే కాలువలు కట్టేశారు. నీళ్లు దిగిపోయి బురద బయటపడింది. గుర్రపుడెక్క లాకు తలుపుల దగ్గర కుప్పలు కుప్పలుగా వాడి కంపు కొడుతోంది. అక్కడక్కడ మిగిలిన మడుగుల్లో నాచు చివరి ఊపిరి పీలుస్తోంది. అక్కడే నాకు దొరికింది, రిబ్బను లాంటి ఆకుల వాలిస్నేరియా, పూతతో. దాని ఆడపువ్వు కాడ స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. పువ్వు నీటి పైకి రావాలంటే మెలిక సాగుతుంది. పని కాగానే మళ్లీ ముడుచుకుని పువ్వును అడుక్కి లాగేసుకుంటుంది. ఆ మెలిక జుట్టంత సన్నం. ఆరబెడితే తెగుతుంది. హెడ్డుగారు ఏడేళ్లలో మొక్కల గురించి నాతో తనంతట తాను అన్న మాట అదొక్కటే. "ఆ మెలిక తెగకుండా ఆరబెట్టినవాణ్ణి నేను చూళ్లేదండీ" అన్నారు ఒకసారి. నేను చూపిస్తానని లోపల పంతం పట్టాను.

మర్నాడు కాలేజీకి ఆఖరి పనిదినం. దరఖాస్తు గడువు ఇంకా పది రోజులు. పొద్దున్నే అటెండరుతో, "పాత పేపర్లుంటే నా బల్ల మీద పడేసి పో, కట్ట కట్టాలి" అని చెప్పి, వాలిస్నేరియాను కాగితాలకెక్కించి, ఆయన ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"నా అప్లికేషను ఏమైందండీ?"

"చూద్దాం లెండి."

అంతే. నెత్తిన నిప్పులు పోసినట్టయింది.

"ఇంకా ఎన్నాళ్లు చూస్తారండీ? మూడు వారాల నుంచీ చూస్తూనే ఉన్నారు. రేపటి నుంచి కాలేజీ ఉండదు. మీరు ఊరెళ్లిపోతారు. నేనేం కావాలి?"

"ప్రిన్సిపాల్ గారు..." అని ఏదో మొదలుపెట్టారు.

"ప్రిన్సిపాల్ గారి మీదికి తొయ్యకండి. నేను పోతే మీకు కాలవలో దిగి నాచు పీకే కూలివాడు దొరకడు. అదీ మీ భయం. మీరు ఛానల్ కాదండీ. ఛానల్లో అడ్డం పడ్డ గుర్రపుడెక్క!"

వరండాలో పోతున్న వాళ్లెవరో ఆగిపోయారు. హెడ్డుగారు పొడుం తీయబోయినవారు తీయలేదు. డబ్బీ మూతపెట్టి జేబులో వేసుకున్నారు. సొరుగు తెరిచి ఏదో తీసి కోటు లోపల పెట్టుకుని, తలపాగా సర్దుకుని, నా వైపు చూడకుండా బయటికి వెళ్లిపోయారు. బెజవాడ ఎండ, కొండలు కాలి పొగలు కక్కుతున్నట్టుంది. పోతే పోనీ అనుకున్నాను. సిగ్గుపడ్డానా? ఏం లేదు. ఏడేళ్లలో మొదటిసారి ఒళ్లు తేలిగ్గా ఉంది.

హోటలుకి పోయి అన్నం తిని, స్టేషను రోడ్డులో చెట్టుకింద కూర్చుని, మిలిటరీ రైళ్లు పోతుంటే లెక్కపెడుతూ పొద్దు పుచ్చాను. ఎవరి మొహమూ చూడబుద్ధి కాలేదు. నాలుగింటికి తిరిగి వచ్చేసరికి హెడ్డుగారి బల్ల ఖాళీ. నా బల్ల మీద పాత పేపర్ల మడతలున్నాయి. అటెండరు మాట నిలబెట్టుకున్నాడే అనుకున్నాను. పొద్దున కాగితాలకెక్కించిన మొక్కల మధ్య ఆ మడతలు పెట్టి, పలకలు వేసి, మోకాలితో నొక్కి, ఉన్న కసి అంతా ఆ తాడు మీద చూపించి, మా నాన్న ముడి వేసి, కట్టను బీరువా మీదికి విసిరాను. గదికి తాళం పడింది. కాలువలో పడవలు ఆగిపోయాయి కనక బస్సులో మా ఊరు పోయాను.

గడువు దాటిపోయింది. మా నాన్న ఏమైందని అడిగితే, "నువ్వన్నట్టే కాలవ కట్టేశారు నాన్నా" అన్నాను. ఆయన ఈసారి నవ్వలేదు. మగ్గం గుంటలోకి దిగి కూర్చుని, చాలాసేపు పోగు విసిరే నాడె పట్టుకోలేదు.

కాలేజీ తెరిచిన రోజు హెడ్డుగారు నాకన్నా ముందే వచ్చి ఉన్నారు. మనిషి చిక్కిపోయారు. నన్ను చూసి, ఎన్నడూ లేనిది ఆయనే నోరు తెరిచారు. "ఏమన్నా తెలిసిందా అండీ?"

ఎగతాళి! ఇంత చేసి పైగా ఎగతాళా! "మీ దయవల్ల ఏమీ తెలియలేదండీ" అని నా కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాను. ఆయన మళ్లీ అడగలేదు. ఆ రోజు నుంచి నేను గోడకేసి చూస్తూ కూర్చునేవాణ్ణి, ఆయన నా వీపుకేసి.

అలా ఎన్నేళ్లు! పనికి సంబంధించిన మాట తప్ప మాట లేదు. అదీ పేపరు మడతల్లోనే. మడత విప్పకుండానే విసుక్కునేవాణ్ణి. కాలువల వైపు పోవడం మానేశాను. ఎవరికోసం దిగాలి? అవసరమైతే బజారులో తామరకాడలు కొని పిల్లలకు చూపించేవాణ్ణి. నోటుపుస్తకాలు ట్రంకుపెట్టెలో పడేశాను. బీరువా మీది కట్ట వైపు కన్నెత్తి చూడలేదు. యుద్ధం అయిపోయింది. స్వతంత్రం వచ్చింది, కాలేజీలో జెండా ఎగరేసి అందరికీ పిప్పరమెంటు బిళ్లలు పంచారు. దేశం విడుదలైంది గానీ ఆ గదిలో మేమిద్దరం విడుదల కాలేదు. వేరే ఊళ్లలో ఉద్యోగాలు పడ్డాయి, కానీ నాకు వయసు దాటిపోయింది. మా నాన్న నేను లెక్చరర్ని కావడం చూడకుండానే పోయాడు. ఆ పాపం కూడా హెడ్డుగారి ఖాతాలోనే వేశాను. ఆయన రిటైరయిన రోజు సన్మానానికి నేను పోలేదు. జ్వరమని చీటీ పంపాను. జ్వరమూ లేదు, గిరమూ లేదు.

ఆ తర్వాత రెండేళ్లకి, నాకన్నా చిన్నవాడు హెడ్డుగా వచ్చాడు. చురుకైనవాడు. "మాస్టారూ, పైన ఆ పాత కట్టలు చెదలు తినేస్తాయి. విప్పి లిస్టు రాయించండి" అన్నాడు. పనిలేని ఒక మధ్యాహ్నం కట్ట కిందికి దించాను. పిల్లలెవరో అంతకు ముందు ప్రయత్నించినట్టున్నారు, తాడు కొరికినట్టుంది, ముడి మాత్రం ఊడలేదు. వేలు పెట్టి తీశాను. ఇట్టే వచ్చింది.

మొదటి కాగితం వాలిస్నేరియా. మెలిక తెగలేదు! ఒక్క చుట్టు కూడా చెదరకుండా కాగితానికి అంటుకుని ఉంది. చాలా ఏళ్ల తర్వాత ఆ గదిలో పైకి నవ్వాను. దాని కింది మడత పట్టుకుంటే బరువుగా తగిలింది. విప్పాను.

లోపల నా దరఖాస్తు. కింద ప్రిన్సిపాల్ గారి సంతకం, కాలేజీ ముద్ర. దాని పైన పాత హెడ్డుగారి చేతిరాత, ఇంగ్లీషులో. "ఈయన వెళ్లిపోతే మా డిపార్టుమెంటుకు తీరని నష్టం. అయినా ఈయన ఉండవలసిన చోటు ఇది కాదు, మీ దగ్గర. దయచేసి తీసుకోండి." తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లాణ్ణి ఒప్పజెప్పినట్టు రాశారు. దానికి గుచ్చిన చీటీ మాత్రం తెలుగులో ఉంది. "ఆఫీసు మూసేశారు. మీరే రాత్రి మెయిల్లో పోస్టు చేయండి. గడువు ఉంది."

ఆ కాగితం పట్టుకుని నేల మీదే కూర్చున్నాను. ఎవరి మీదైనా కోప్పడదామని చూశాను. అటెండరు మీద పెడదామంటే, వాడు నేను అడిగిన పేపర్లే తెచ్చి పెట్టాడు. చీటీ పెట్టిన మనిషి మీద పెడదామంటే, ఏడేళ్లుగా ఆయన ఏదైనా అలాగే పెడతారని నాకు తెలుసు. తెలిసీ విప్పలేదు. మోకాలితో నొక్కి మరీ కట్టాను. ముడి ఎవరు వేశారో అని చూసుకోవలసిన పని కూడా లేదు. అటువంటి ముడి ఆ కాలేజీలో వేయగలవాడు ఒక్కడే.

సాయంత్రం జట్కా మాట్లాడుకుని పటమటలో పాత హెడ్డుగారింటికి వెళ్లాను. అప్పుడు అక్కడ ఇళ్లు తక్కువ, అన్నీ పొలాలే. ఒక చేతిలో దరఖాస్తు, రెండో చేతిలో వాలిస్నేరియా కాగితం, ఊడకుండా గుండెకు ఆనించుకున్నాను. తలుపు ఆయన భార్య తీశారు. నేనెవరో చెప్పగానే, "మీరా బాబూ! రండి రండి. ఇన్నాళ్లకి గుర్తొచ్చామా?" అన్నారు. నిష్ఠూరమే అయినా దయగా అన్నారు.

ఆయన వసారాలో పడకకుర్చీలో ఉన్నారు. రెండు కళ్లకీ శుక్లాలు. గొంతు బట్టి నన్ను పోల్చుకుని లేవబోయారు. వద్దండీ వద్దండీ అని కూర్చోబెట్టి, పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఏం చెప్పాలో తెలియక, నా దరఖాస్తు దొరికిందండీ అన్నాను. ఏ కట్టలో దొరికిందో, ఆ కట్ట ఎవరు కట్టారో చెప్పాను.

"చదవండి" అన్నారు. "నేనేం రాశానో."

నన్ను గురించి ఆయన రాసిన మాటలు ఆయనకే చదివి వినిపించాను. అయిపోయాక ఆవిడ లోపల్నించి మజ్జిగ తెచ్చారు.

"ఆ కాయితమేనా?" అన్నారు. "అబ్బో, దానికోసం ఈయన పడ్డ తిప్పలు! ప్రిన్సిపాలు గారేమో సంతకం పెట్టనంటాడంట. పోయేవాడికి నేనెందుకు పెట్టాలి, కాలవలో ఎవడు దిగుతాడన్నాడంట. మూడు వారాలు తిప్పించాడు. ఆఖరి రోజు నడినెత్తిన ఎండ పెట్టుకుని నడిచిపోయి, వాళ్లింటి అరుగు మీద కూచున్నారంట, పెట్టిందాకా లేవనని. వడదెబ్బ కొట్టి రైలు తప్పిపోయింది. రెండు రోజులు నీళ్లు కూడా నిలవలా. అప్పుడు కూడా, అతను మెయిలు అందుకున్నాడో లేదోనని ఒకటే గొణుగుడు."

"ఊరుకోవే" అన్నారు ఆయన.

అవన్నీ నాతో ఒక్క ముక్క చెబితే ఏం పోయేదండీ అని అరవాలనిపించింది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. ఆయన ఆ రోజు "ప్రిన్సిపాల్ గారు" అని మొదలుపెట్టింది గుర్తొచ్చి ఆగిపోయాను. చెప్పబోయారు. నేనే చెప్పనివ్వలేదు. జూన్లో "ఏమన్నా తెలిసిందా" అని అడిగినప్పుడు, నాకు ఉద్యోగం వచ్చిందో లేదోనని ఆరాటపడి అడిగారు. అన్నేళ్లూ నా వీపు చూస్తూ, నాకు రాలేదనే అనుకున్నారు. అసలు పంపనే లేదని ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"ఛానల్లో అడ్డం పడింది నేనేనండీ" అన్నాను. క్షమించమని అడగాలని దారంతా కూడబలుక్కుంటూ వచ్చాను. ఏడుపొచ్చి అది మాత్రం అనలేకపోయాను.

ఆయన పొడుం డబ్బీ కోసం తడుముకుని, దొరికాక తెరవకుండా చేతిలోనే పట్టుకున్నారు.

"ఆ కట్టలో మొక్క ఏది?" అన్నారు.

"వాలిస్నేరియా అండీ. పూతతో ఉన్నది."

"మెలిక..." అని ఆగారు. "తెగిందా?"

"తెగలేదండీ."

డబ్బీ పక్కన పెట్టేశారు. పంచెకు వేళ్లు తుడుచుకుని, కాగితం ఎటుందో తెలియక, కొంచెం పక్కకి చెయ్యి చాపారు.

"ఏదీ," అన్నారు, "చూద్దాం."